చక్కెరనీళ్లలో వెలిగిన సబ్బుపెట్టె

నేను ఒక సబ్బుపెట్టెను. పుట్టుక రీత్యా అంతే. వృత్తి రీత్యా మాత్రం సాక్షిని. నన్ను ముంచిన నీళ్లలో విద్యుత్తును మోయగల కణాలు ఉంటే నా మూత మీది ఎర్రదీపం వెలుగుతుంది, లేకపోతే వెలగదు. ఇంతకుమించి నాకు మాటలు రావు. ఇంత తక్కువ మాట్లాడే సాక్షిని కూడా మనుషులు అనుమానించగలరని తెలిసిన రోజొకటి నా జీవితంలో ఉంది. ఆ అనుమానం తీరి, గుండె తేలికపడిన రోజు కూడా అదే. గుండె అని ఊరికే అన్నాను. నాలో ఉండేది ట్రాన్సిస్టర్ రేడియోలో వాడే తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ.

నా రంగు లేతనీలం. ఏదో నగర శివారు కార్ఖానాలో, కరిగిన ప్లాస్టిక్కు అచ్చులో చల్లబడగా, వందలాది తోబుట్టువులతో కలిసి పుట్టాను. తిరునాళ్లలో గాజుల దుకాణం పక్కన గుట్టగా పోసి ఉన్న మాలోంచి నన్ను ఏరుకున్నది మస్తాన్‌బీ. ఆమె భర్త షేక్ ఖాజావలి మాస్టారు, పశ్చిమ ప్రకాశంలోని ఒక మెట్టప్రాంతపు గ్రామంలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించేవారు. నేను ఆ ఇంట గంధపు సబ్బును మోస్తూ సుఖంగానే ఉన్నాను. ఒక ఆదివారం మాస్టారు సబ్బును గూట్లో పెట్టి, నన్ను కడిగి, తుడిచి, వెలుతురుకు ఎత్తి చూశారు. అది వధువును చూసే చూపు కాదు, కసాయి చూపు.

అయిపోయిన టార్చి బ్యాటరీలను పగలగొట్టి రెండు నల్లని కర్బన కడ్డీలు తీశారు. సబ్బునీళ్లు కారిపోవడానికని నా అడుగున చేసిన రంధ్రాలను కాస్త వెడల్పు చేసి, వాటిలోంచి ఆ కడ్డీలను కిందికి దింపారు. మూతకు చిల్లిపెట్టి చిన్న ఎర్రదీపం అమర్చారు. తీగలు అతికించి, లోపల బ్యాటరీ కూర్చోబెట్టి, మూత బిగించారు. దీపానికీ బ్యాటరీకీ మధ్య దారి నా రెండు కడ్డీల నడుమ తెగి ఉంటుంది. ఆ తెగిన చోటును నీళ్లలోని కణాలు పూడిస్తేనే దీపం వెలుగుతుంది.

"సబ్బు ఏడ పెట్టుకోవాల?" అని అడిగింది మస్తాన్‌బీ.

"ఒక వారం గూట్లో పెట్టుకో," అన్నారు మాస్టారు. ఆ వారం ఇప్పటికీ పూర్తి కాలేదు.

పదో తరగతి గదిలో నా తొలి ప్రదర్శనకు ముందు మాస్టారు చెప్పిన పాఠం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆయన పరమాణువులతో మొదలుపెట్టలేదు. సెంటరులోని షేరు ఆటోలతో మొదలుపెట్టారు.

"మన సెంటర్లో ఆటో ఎప్పుడు కదులుద్దిరా?"

"ఎనిమిది మంది ఎక్కినాక సార్!"

"చట్టం ఎందర్ని ఎక్కించుకోమంది?"

"ముగ్గుర్ని సార్!"

"పరమాణువులకీ చట్టం తెలవదు. బయటి వరసలో ఎనిమిది ఎలక్ట్రాన్లుంటేనే వాటికి నెమ్మది. ఇప్పుడు చూడండి, ఒక ఆటోలో ఏడుగురున్నారు. ఇంకొకడు దొరికితే చాలని డ్రైవరు గొంతు చించుకుంటన్నాడు. పక్కన ఇంకో ఆటోలో ఒక్కడే. ఆ ఒక్కడితో పోతే డీజిలు కూడా గిట్టదు. ఆ డ్రైవరు ఏం జేస్తాడు?"

"ఆ ఒక్కణ్ణి పక్క ఆటోలోకి ఎక్కించేస్తాడు సార్!"

"అదిగో, ఒక్కడున్నోడు సోడియం. బయట ఆ ఒక్క ఎలక్ట్రాను వదిలించుకుంటే, లోపలి వరసలో ఎనిమిది నిండుగా ఉన్నాయి. ఏడుగురున్నోడు క్లోరిన్. ఇద్దరికీ పని జరిగిపోయింది."

మూడో బెంచీలోంచి ఒక సన్నని చేయి లేచింది. గోనుగుంట్ల హైమవతి. నా జీవితంలో ఎక్కువ భాగం ఈ అమ్మాయి చేతుల్లోనే గడవబోతున్నదని అప్పటికి నాకు తెలియదు.

"మరి సార్, మనిషిని దించేసినాక ఆ ఆటో ఇంటికి పోద్ది గదా? సోడియం ఎందుకు పోదు?"

తరగతి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. వెతుకుతున్న వస్తువు కాలికి తగిలినవాడిలా నిలబడిపోయారు.

"శభాష్ అమ్మాయ్. ఆటో ఇక్కడిదాకే వస్తది. ఇక్కణ్ణించి దిగి నడవాల." సుద్దముక్క తీసుకున్నారు. "ఎలక్ట్రాను ఉత్త ప్రయాణికుడు కాదు, ఋణావేశం మోసేవాడు. వాణ్ణి పోగొట్టుకున్న సోడియం ధనావేశమైంది. చేర్చుకున్న క్లోరిన్ ఋణావేశమైంది. వ్యతిరేక ఆవేశాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఎలక్ట్రాను ఇయ్యడం, పుచ్చుకోవడం బంధం కాదు. దానివల్ల పుట్టిన ఆ లాగుడే బంధం. దాన్నే అయానిక బంధం అంటాం. ఆ ఆవేశమున్న కణాలు అయాన్లు."

తర్వాత చక్కెర వంతు వచ్చింది. దానికి ఆయన ఆటోను వదిలి చేలోకి వెళ్లారు. ఆ ప్రాంతంలో రెండు చేల నడిమి గట్టు మీద ఇద్దరు రైతులు కలిసి వేయించుకునే పొత్తు బోరు ప్రతి పిల్లవాడికీ తెలుసు.

"ఆ బోరు ఎవరిదంటే ఈయన నాదంటాడు, ఆయనా నాదంటాడు. ఇద్దరిదీ నిజమే. ఎవరూ ఎవరికీ రాసియ్యలేదు. ఇద్దరు చెరొక ఎలక్ట్రాను తెచ్చి నడిమిన పెట్టుకుంటే, ఆ జంట ఇద్దరి లెక్కలోకీ వస్తది. అది సమయోజనీయ బంధం. చక్కెరలో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ అన్నీ ఇట్టా పొత్తులోనే బతుకుతన్నాయి. హైడ్రోజన్‌కి ఎనిమిది అక్కర్లేదు, రెండుతోనే దాని కడుపు నిండుద్ది. దాని అవసరం చిన్నది."

నిజానికి నా ఒళ్లంతా కూడా పొత్తు సరుకే. ప్లాస్టిక్కు అంటే పొత్తు కుదుర్చుకున్న కార్బన్ల పొడవాటి గొలుసు. అందుకే నాలో విద్యుత్తు పారదు. నా కడ్డీలలోని కర్బనం కూడా పొత్తుదే గానీ, అక్కడ ప్రతి పరమాణువూ ఒక్కొక్క ఎలక్ట్రానును ఉమ్మడిలో వదిలేసింది కనుక అది విద్యుత్తును పోనిస్తుంది. నియమం చెప్పినవాడు మినహాయింపునూ చెప్పాలి గనుక చెప్పాను.

అప్పుడు నన్ను బయటికి తీశారు. ముందు పొడి ఉప్పులో గుచ్చారు. నేను వెలగలేదు. "పోయిందిరా!" అన్నది తరగతి. స్ఫటికంలో అయాన్లు బారులు తీరి బిగుసుకుని ఉంటాయనీ, కదలలేనివి విద్యుత్తును మోయలేవనీ మాస్టారు వివరించి, నీళ్లు పోసి కలిపారు. బారులు విడిపోయాయి. నేను భగ్గున వెలిగాను. చప్పట్లు మోగాయి. తర్వాత శుద్ధజలంలో చక్కెర కలిపి ముంచారు. చక్కెర నీళ్లలో కరుగుతుంది గానీ దాని అణువు ఎక్కడికక్కడ నిండుగానే ఉంటుంది. ఆవేశమున్న ముక్కలుగా విడిపోదు. కనుక నేను వెలగలేదు. తరగతి మళ్లీ ఉసూరుమన్నది.

నా వృత్తిలోని కష్టమంతా ఇదే. నా సాక్ష్యంలో సగం వెలుగు, సగం చీకటి. మనుషులు వెలుగును సాక్ష్యంగానూ, చీకటిని వైఫల్యంగానూ లెక్కిస్తారు. జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనలో ఒక న్యాయనిర్ణేత నన్ను సరిగ్గా చక్కెరనీళ్లలో ముంచి, "ఇది పని చేయడం లేదండీ" అని ముందుకు సాగిపోయాడు. మొదటి బహుమతి ఎర్రనీళ్లు కక్కే అట్టముక్కల అగ్నిపర్వతానికి వెళ్లింది. అది ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు, కానీ ఆగకుండా కక్కింది.

మాస్టారు పదవీ విరమణ చేసిన ఏడాదే హైమవతి రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, మిఠాయి పొట్లంతో ఆయన ఇంటికి వచ్చింది. మాస్టారు నన్ను ఆమె చేతిలో పెట్టారు.

"ఒక్క మాట గుర్తుపెట్టుకో అమ్మాయ్. ఇది వెలిగినప్పుడు లోకమంతా నమ్ముద్ది. వెలగనప్పుడు నువ్వు నమ్మాల."

"సార్, అమ్మగారి సబ్బు...?"

"ఆవిడ అడగడం మానేసింది," అన్నారు మాస్టారు. లోపలినుంచి "ఎవరన్నారు మానేశానని?" అన్న మాట వినిపించింది.

ఆ తర్వాతి సంవత్సరాలు నేను హైమవతి చేతిసంచీలోనే ఎక్కువగా గడిపాను. ఆమె పనిచేసిన ట్యుటోరియల్ కళాశాలల్లో ప్రయోగాలకు తావు లేదు. "బిట్లు చెప్పమ్మా, బుడ్లు చూపించబాక" అన్నాడు ఒక డైరెక్టరు. ప్రతి వేసవికీ ఏదో ఒకటి మూతపడేది. చివరిది కూడా మూతపడిన తర్వాత ఆమె శాశ్వత ఉద్యోగం కోసం రెండు కళాశాలల్లో నమూనా పాఠం చెప్పింది. రెండుచోట్లా నన్ను సంచీలోంచి తీయలేదు. జాగ్రత్తగా, బోర్డుకే పరిమితమై చెప్పింది. రెండుచోట్లా "మళ్లీ కబురు చేస్తాం" అన్నారు.

అప్పుడు ఆమె అక్క ఫోన్ చేసింది. "ఎన్నాళ్లు తిరుగుతావే? మీ బావ బట్టలకొట్లో గల్లాపెట్టె దగ్గర నమ్మకమైన మనిషి కావాల. సోమవారం నించి వచ్చెయ్."

"శుక్రవారం ఇంకొకటుందక్కా. అదీ కాకపోతే సోమవారం వస్తాను. మాట."

ఫోన్ పెట్టేసి ఆమె నన్ను బయటికి తీసింది. పాత గుడ్డతో తుడిచి, కొత్త బ్యాటరీ వేసింది. "ఈసారి నువ్వు కూడా రా," అన్నది. ఇది గనుక తప్పితే ఆమె బట్టలకొట్టుకు, నేను స్నానాల గదికి. ఇద్దరి భవిష్యత్తూ ఒకే సంచీలో బయలుదేరింది.

అది ఒక బాలికల జూనియర్ కళాశాల. ప్రయోగశాలలోనే పాఠం. బెంచీల మీద మొదటి సంవత్సరం అమ్మాయిలు. వెనక వరుసలో ప్రిన్సిపాలుగారు, ఆయన పక్కన గుంటూరునుంచి పిలిపించిన విశ్రాంత ఆచార్యులు నరహరిగారు. బల్ల మీద నీళ్ల గ్లాసులు, ఉప్పు, చక్కెర, శుద్ధజలం అని రాసి ఉన్న తెల్లని ప్లాస్టిక్ డబ్బా. అన్నీ సర్దిపెట్టినవాడు అటెండరు ఏసోబు.

హైమవతి ఆటోలతో మొదలుపెట్టింది. అమ్మాయిలు నవ్వారు, తర్వాత వినసాగారు. పొత్తు బోరు దగ్గరికి వచ్చేసరికి నరహరిగారు కూడా కళ్లద్దాలు సవరించుకున్నారు. డబ్బాలోని నీళ్లు గ్లాసులో పోసి, ఉప్పు వేసి, నన్ను ముంచింది. వెలిగాను. చప్పట్లు. రెండో గ్లాసులో అదే డబ్బా నీళ్లు పోసి, చక్కెర వేసి కలిపింది.

"ఇప్పుడు వెలగదు. ఎందుకో మీరే చెప్పాలి," అని నన్ను ముంచింది.

నేను వెలిగాను.

ఉప్పునీళ్లలో అంత జోరుగా కాదు. కానీ గదిలో ఎవరికీ అనుమానం లేనంతగా వెలిగాను. కావాలని కాదు, కణాలు దారి పూడిస్తే వెలగకుండా ఉండడం నా చేతిలో లేదు.

ముందు బెంచీలోని రిజ్వానా అనే పిల్ల మెల్లగా అడిగింది. "మేడమ్, అది చక్కెరేనా, అదీ ఉప్పేనా?" గదంతా నవ్వు. ఇంకొక పిల్ల "కొంచెం నాకి చూద్దామే" అన్నది.

"ప్రయోగశాలలో ఏదీ నోట్లో పెట్టుకోకూడదు," అన్నది హైమవతి. నా కడ్డీలను కడిగి, గుడ్డతో ఒత్తి తుడిచి, మళ్లీ ముంచింది. మళ్లీ వెలిగాను.

ప్రిన్సిపాలుగారు దయగానే అన్నారు. "సబ్బుపెట్టె కదమ్మా, పాతబడి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి బోర్డు మీద చెప్పేయండి. మేమేమీ అనుకోం."

ఎంత సులువైన దారి! నింద నా మీద వేస్తే ఎవరికీ నష్టం లేదు. నాకు ఎదురు చెప్పే నోరు లేదు. హైమవతి నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం ఉన్నది. ఇన్నేళ్లలో మొదటిసారి. నన్ను బల్ల అంచుకు జరపబోయిన చేయి మధ్యలో ఆగింది.

"వద్దండి," అన్నది ప్రిన్సిపాలుగారితో. అమ్మాయిల వైపు తిరిగింది. "పెట్టె నిజమే చెబుతున్నదని అనుకుందాం. అయితే తప్పు ఎక్కడ ఉండాలి? ఈ గ్లాసులో ఏమేమి ఉన్నాయి?"

"చక్కెర... నీళ్లు..."

"చక్కెర కాకపోతే?"

నలుగురైదుగురు ఒక్కసారే అన్నారు. "నీళ్లు!"

డబ్బాలోని నీళ్లు, ఏమీ కలపకుండా, మూడో గ్లాసులో పోసి నన్ను ముంచింది. అంతే వెలుగు. వెనక తలుపు దగ్గర ఏసోబు మెడ గోక్కుంటున్నాడు.

"ఏసోబూ, ఈ డబ్బాలో నీళ్లెక్కడివయ్యా?" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"మొన్న ఇన్వర్టర్ బ్యాటరీ ఎండిపోయిందని మీరే గదయ్యా కేకలేశారు. ఆ మంచినీళ్లు దానికి పోశా. డబ్బా ఖాళీగా ఉంటే బాగుండదని బోరునీళ్లు పట్టిపెట్టా."

ఈసారి నవ్వు హైమవతి మీదది కాదు. ప్రిన్సిపాలుగారు కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వారు.

"ఈ ఊరి బోరునీళ్లు ఎలా ఉంటాయి?" అని హైమవతి అడగగానే గది జవాబుల సంత అయింది. ఉప్పగుంటాయి మేడమ్. గిన్నెలకు తెల్లగా పడుద్ది. సబ్బు నురగే రాదు. పప్పు ఉడకదు.

"అంటే భూమిలోంచి కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లను మోసుకొస్తున్నాయి. పెట్టె వెలిగింది వాటిని చూసి, చక్కెరను చూసి కాదు."

నరహరిగారు మొదటిసారి నోరు విప్పారు. "ఊహ బాగుందమ్మా. కానీ ఊహే కదా? అయాన్లు లేని నీళ్లలో చక్కెర వేసి చూపిస్తే తప్ప చక్కెర నిర్దోషి అని ఎలా చెబుతావు?"

"ఆ నీళ్లు ఒంగోలునుంచి రావాలి సార్," అన్నారు ప్రిన్సిపాలుగారు. "సోమవారానికి తెప్పిస్తాం."

సోమవారం. ఆ రోజుకు హైమవతి గల్లాపెట్టె దగ్గర ఉండాలి. ఆమె కిటికీవైపు తిరిగింది. బహుశా కళ్లలో నీళ్లు ఎవరికీ కనబడకూడదని. కిటికీ అవతల చిన్న చప్పుడు వినిపించింది. టప్. టప్. పక్కనున్న ప్రిన్సిపాలుగారి గది ఏసీ గొట్టంలోంచి నీటిబొట్లు బకెట్లో పడుతున్నాయి.

ఆమె బీకరు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. బకెట్టు జోలికి పోలేదు, అందులో దుమ్ము ఉంటుంది. చేయి బయటికి చాచి గొట్టం మూతి కిందనే బీకరు పట్టింది. కొన్ని బొట్లు పడగానే వాటితోనే బీకరును కడిగి పారబోసి, మళ్లీ పట్టింది. నీళ్లు నిదానంగా చేరుతుండగా, అలాగే చేయి బయట పెట్టుకుని, తల వెనక్కి తిప్పి పాఠం చెప్పింది. "ఇది గాలిలోని ఆవిరి. ఏసీలోని చల్లని గొట్టాల చుట్టకు తగిలి నీరైంది. ఆవిరైనప్పుడు నీరు ఒక్కటే లేస్తుంది, ఉప్పులన్నీ కిందే ఉండిపోతాయి. కనుక ఈ నీళ్లలో అయాన్లు దాదాపు ఉండవు."

"సార్ గదిలో ఏసీ ఇన్నాళ్లకు చదువుకు పనికొచ్చింది," అని ఎవరో గుసగుసలాడారు. ప్రిన్సిపాలుగారు వినిపించనట్టు కూర్చున్నారు.

బీకరు సగం నిండింది. నా కడ్డీలను అవే నీళ్లతో కడిగి, లోపలికి దింపింది. అంత ఖాళీ నీళ్లను నేను చాలా ఏళ్లుగా ఎరుగను. కడ్డీల చుట్టూ మోసేవాడు లేడు, మోయించుకునేవాడు లేడు. నేను వెలగలేదు. అప్పుడు ఆమె చక్కెర వేసింది, ఒక చెంచా, రెండు, మూడు. గాజుకడ్డీతో కలిపింది. రేణువులు కరిగిపోయాయి. అందరి కళ్లూ నా మూత మీది దీపం మీద.

నేను చీకటిగా ఉన్నాను. నిండుగా, నిశ్చింతగా, ఏ వంకా లేకుండా చీకటిగా ఉన్నాను.

ముందు రిజ్వానా చప్పట్లు కొట్టింది. తర్వాత గదంతా కొట్టింది. నేను వెలిగినందుకు చప్పట్లు ఎన్నోసార్లు విన్నాను. వెలగనందుకు విన్నది అదే మొదలు. ఆ తర్వాత అదే నీటిలో చిటికెడు ఉప్పు వేయగా భగ్గుమన్నాను గానీ దానికి ఎవరూ కొట్టలేదు. అలా జరుగుతుందని అందరికీ అప్పటికే తెలుసు.

"చక్కెర కరిగింది గదమ్మా, ఎక్కడికి పోయింది?" అన్నారు నరహరిగారు. అది పరీక్ష కాదు, ముచ్చట.

"ఎక్కడికీ పోలేదండి. ఏ అణువుకా అణువు నీళ్లలోనే ఉంది. పొత్తు తెగలేదు."

ఆయన ప్రిన్సిపాలుగారి వైపు చూశారు. ప్రిన్సిపాలుగారు గొంతు సవరించుకున్నారు. "సోమవారం వచ్చి చేరండమ్మా." ఆపై, "ఆ పెట్టెను కూడా తెచ్చుకోండి" అన్నారు.

వరండాలో, స్తంభానికి ఆనుకుని, ఆమె అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, సోమవారం నేను రాను."

"ఏమే, ఒంట్లో బాగాలేదా? గొంతు అట్టా ఉందేంది?"

"బాగానే ఉందక్కా. చాలా బాగుంది." సంచీలో ఆమె చేయి నా మూత మీద ఉన్నది. అనుమానించినందుకు క్షమాపణ చెప్పే అలవాటు మనుషులకు వస్తువుల విషయంలో లేదు. ఆ చేయి అక్కడ ఉండడమే చాలుననిపించింది.

ఇప్పుడు నా నివాసం ఆ ప్రయోగశాలలోని గాజు తలుపుల బీరువా. ఏసోబు ఇన్వర్టర్‌కు కూడా ఏసీ నీళ్లే పడుతున్నాడు. డబ్బాలోని శుద్ధజలం జోలికి పోడు. మాస్టారికి ఈ సంగతంతా చెప్పడానికి వెళ్లినప్పుడు హైమవతి మస్తాన్‌బీకి ఒక కొత్త సబ్బుపెట్టె తీసుకెళ్లింది. "ఇన్నాళ్లకు వారం అయిందా?" అని ఆవిడ నవ్విందట.

ప్రతి సంవత్సరం కొత్త అమ్మాయిలు వస్తారు. హైమవతి ఉప్పునీళ్లతో మొదలుపెట్టదు. మొట్టమొదట నన్ను శుద్ధమైన చక్కెరనీళ్లలోనే ముంచుతుంది. నేను వెలగను. ఎవరో ఒకరు తప్పకుండా "పనిచేయట్లేదు మేడమ్" అంటారు.

"ఆగండి," అంటుంది ఆమె. "చెబుతున్నది. వినండి."

నేను అలాగే, నీళ్లలో కాళ్లు పెట్టుకుని, చీకటిగా కూర్చుంటాను. వెలగమని నన్ను ఇక ఎవరూ తొందరపెట్టరు.